స్ప్రింగు తీసి గాలి నింపితే

1957లో అమెరికాలో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ అనే కారు వచ్చింది. ధర 13,074 డాలర్లు. మామూలు కాడిలాక్ ధరకు అది రెండింతల పైమాటే. మెరిసే స్టీలు కప్పు, ఎదురెదురుగా తెరుచుకునే తలుపులు చూసి జనం ముచ్చటపడ్డారు. ఇంజనీర్ల కళ్లు మాత్రం చక్రాల దగ్గర నిలిచాయి. అక్కడ ఇనుప స్ప్రింగుల్లేవు. నాలుగు మూలలా రబ్బరు గదుల్లో గాలి బంధించి, దాని మీద కారును కూర్చోబెట్టారు. ఆ మరుసటి ఏడాది జనరల్ మోటార్స్ ఇదే పద్ధతిని తన మిగతా బ్రాండ్లలోకీ దించింది. షెవర్లేలో దాని పేరు లెవల్ ఎయిర్, పాంటియాక్‌లో ఎవర్ లెవల్, బ్యూక్‌లో ఎయిర్ పాయిజ్. అదనపు డబ్బు కట్టినవాళ్లకు బిగించి ఇచ్చేవారు.

ఆ మోజు కొన్నేళ్లకే తీరిపోయింది. రాత్రి నిలబెట్టిన కారు తెల్లారేసరికి ఒక మూల కుంగిపోయి ఉండేది. చలికాలంలో వాల్వులు బిగుసుకుపోయేవి. చాలామంది యజమానులు గాలి సరంజామా మొత్తం పీకించి మామూలు ఇనుప స్ప్రింగులు వేయించుకున్నారు.

ఇవాళ అదే తరం కార్లకు దీనికి నేరుగా వ్యతిరేకమైన పని జరుగుతోంది. 1964 షెవర్లే ఇంపాలా కొన్నవాళ్లు దాని ఇనుప స్ప్రింగులు తీసేసి గాలి తిత్తులు పెట్టించుకుంటున్నారు. అవి ఏళ్ల తరబడి పనిచేస్తున్నాయి కూడా. గాలి భౌతికశాస్త్రం ఈ అరవై డెబ్బై ఏళ్లలో మారలేదు. మరి మారిందేమిటి? మంచి వాల్వులు, మంచి రబ్బరు, పొడిగాలి అన్నది సగం జవాబు. మిగతా సగం ఇంపాలా అడుగున దూరి చూస్తే గానీ తెలియదు. పాత కారును ఒకే ఒక ఎత్తు కోసం తయారుచేశారు. దాని కింద ఉన్న ప్రతి కడ్డీ, ప్రతి జాయింటు ఆ ఎత్తును నమ్ముకుని ఉంది. గాలి వచ్చి ఆ ఎత్తును కదిలిస్తుంది. బిగింపులో ఎదురయ్యే తిప్పలన్నీ దాదాపుగా ఇక్కడినుంచే మొదలవుతాయి.

ముందు అసలు గాలే ఎందుకో చూద్దాం.

స్ప్రింగు మీద బరువు పెడితే కుంగుతుంది. ఎంత కుంగిందో తెలిస్తే కారు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో లెక్క కట్టొచ్చు. కారు బరువుకు స్ప్రింగు 25 సెంటీమీటర్లు కుంగితే సెకనుకు ఒక ఊపు. 10 సెంటీమీటర్లే కుంగితే సెకనుకు 1.6 ఊపులు. సెకనుకు ఒకటి, ఒకటిన్నర ఊపుల మధ్య మన ఒంటికి హాయిగా ఉంటుంది. నాలుగు నుంచి ఎనిమిది ఊపుల మధ్య నిలువుగా కుదిపితే కడుపులో పేగులు, వెన్ను తట్టుకోలేవు. అందుకే పెద్ద కార్లు మెత్తటి స్ప్రింగులు కోరుకుంటాయి.

చిక్కు బరువు పెరిగినప్పుడు వస్తుంది. వెనక చక్రం మీద ఖాళీగా 300 కిలోలు ఉన్నాయనుకుందాం, ఊపు సెకనుకు 1.2. పండక్కి ఊరెళుతూ వెనక సీట్లో ముగ్గురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెడితే ఆ చక్రం మీద 450 కిలోలు అయింది. ఇనుప స్ప్రింగు గట్టిదనం మారదు కాబట్టి కారు తోక మరో 8, 9 సెంటీమీటర్లు దిగుతుంది. ఊపు 1కి పడిపోతుంది. హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి, గుంటల్లో అడుగు కొట్టుకుంటుంది. ఇది జరక్కుండా గట్టి స్ప్రింగు వేస్తే, ఒక్కడే నడుపుతున్నప్పుడు కారు ఎద్దుబండే.

గాలి తిత్తి దగ్గర కథ వేరు. తిత్తి అంటే రబ్బరులో నైలాన్ దారాల పొరలు పొదిగి, కొలిమి తిత్తిలా మడతలు పెట్టి, పైనా కిందా ఇనుప మూతలు బిగించిన గది. బరువు పెరిగితే మరికొంత గాలి కొట్టి, కారును మళ్లీ పాత ఎత్తుకే తెస్తాం. ఎత్తు అదే కనుక లోపలి చోటు కూడా అదే. పెరిగింది పీడనం ఒక్కటే. మూసిన గదిలో గాలి ఎంత గట్టిగా ఎదురు తంతుందన్నది దాని పీడనాన్ని బట్టే ఉంటుంది. అంటే బరువుతోపాటు స్ప్రింగు గట్టిదనమూ పెరిగింది. అదే 300 కిలోలు 450 అయిన ఉదాహరణలో మీటరు మీద పీడనం చదరపు సెంటీమీటరుకు 4 నుంచి 6 కిలోలకు చేరిందనుకోండి. బయటి వాతావరణ పీడనం ఒక కిలో కలిపి చూస్తే 5 నుంచి 7కు. ఊపు 1.2 నుంచి 1.16కు తగ్గుతుంది. కూర్చున్నవాడికి తేడా తెలియదు. ఖాళీగా ఉన్నా, నిండుగా ఉన్నా ఒకే ఎత్తు, ఒకే మెత్తదనం. ఇనుము ఈ పని చేయలేదు.

ఈ లాభం అందరికంటే ఎక్కువ బస్సుకే కావాలి. ఖాళీ బస్సుకూ జనంతో కిక్కిరిసిన బస్సుకూ బరువులో ఉన్న తేడా ఏ కారుకూ ఉండదు. 1953లో జనరల్ మోటార్స్ తయారుచేసిన గ్రేహౌండ్ బస్సులు గాలి మీద నడిచాయి, విజయవంతంగా నడిచాయి. నాలుగేళ్ల తర్వాత అదే కంపెనీ కాడిలాక్‌లో ఎందుకు తడబడింది? బస్సులో గాలి బ్రేకుల కోసం కంప్రెసరు, ట్యాంకు ఎప్పటినుంచో ఉన్నాయి. డిపోలో రోజూ ట్యాంకు అడుగున ట్యాపు తిప్పి నీళ్లు వదిలే మనిషి ఉన్నాడు. ఖరీదైన కారు కొన్న పెద్దమనిషి ఆ ట్యాపు ఎక్కడుందో కూడా చూసి ఉండడు. మన గరుడ బస్సు స్టాపులో ఆగి బుస్సుమన్న చప్పుడు విన్నవాళ్లకు ఆ గాలి పరిచయమే. వోల్వో బస్సులు వచ్చాక హైదరాబాదు నుంచి విజయవాడ దాకా నిద్రపోతూ వెళ్లగలగడం వెనక ఉన్నది ఈ తిత్తులే.

ఇక ఇంపాలా కిందికి వెళదాం. 1958 నుంచి 1964 దాకా ఈ కార్ల చాసీ ఇంగ్లీషు ఎక్స్ అక్షరం ఆకారంలో ఉండేది. పక్కల నిలువు దూలాలు లేవు, నాలుగు చేతులు నడుమ ఒక గొట్టం దగ్గర కలుసుకుంటాయి. కారు బరువు 1600 కిలోల చిల్లర. ముందు చక్రాలకు పైనొకటి, కిందొకటి ఆర్ములు. కింది ఆర్ము నడుమ లావాటి చుట్ట స్ప్రింగు. ఆ చుట్ట మధ్యలోంచి షాక్ అబ్జార్బరు. వెనక రెండు చక్రాలనూ కలిపే ఇరుసు గొట్టానికి, అంటే హౌసింగుకు కూడా చుట్ట స్ప్రింగులే. హౌసింగు ముందుకూ వెనక్కూ పోకుండా పొడవాటి ఆర్ములు పట్టుకుంటే, పక్కకు జరగకుండా అడ్డంగా పాన్‌హార్డ్ రాడ్డు పట్టుకుంటుంది.

ముందు స్ప్రింగు తీయడం ప్రాణం మీద భయం పెట్టుకుని చేయాల్సిన పని. 800 కిలోల బరువుకు 15 సెంటీమీటర్లు నొక్కుకున్న చుట్టలో 600 జౌళ్ల శక్తి దాగి ఉంటుంది. పది కిలోల ఇనుప దిమ్మె ఆరు మీటర్ల ఎత్తునుంచి పడితే వచ్చే దెబ్బ అది. చాసీ కింద స్టాండ్లు పెట్టి, కింది ఆర్ముకు జాకీ ఆనించి, బాల్ జాయింటు విప్పి, జాకీని మెల్లగా దించాలి. చుట్టకు గొలుసు చుట్టి చాసీకి కట్టడం మాత్రం మరవకూడదు. గాలి బిగించాక కూడా ఈ జాగ్రత్త పోదు. గాలి మీద నిలబడిన కారు కిందికి స్టాండ్లు లేకుండా ఎవరూ దూరకూడదు. ఒక గొట్టం ఊడితే కారు కళ్లు మూసి తెరిచేలోపు నేల మీదికి వస్తుంది.

చుట్ట పోయిన చోట తిత్తి కూర్చుంటుంది. చాసీలో స్ప్రింగు తల దూరే గిన్నెలాంటి చోటికి ఒక ఇనుప బ్రాకెట్టు, కింది ఆర్ముకు మరొకటి, రెంటి నడుమ తిత్తి. ఇక్కడ లివరు సూత్రం పనిచేస్తుంది. చక్రం మీద 400 కిలోలు ఉంటే, స్ప్రింగు ఆర్ము మధ్యలో ఉంది కనుక తిత్తి మీద దాదాపు 800 పడతాయి. తిత్తి మోసే వైశాల్యం 150 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే లోపల చదరపు సెంటీమీటరుకు 5.3 కిలోలు కావాలి. టైర్ల షాపు భాషలో అది 75 పౌండ్లు. టైరులో మనం కొట్టించేది 30 చిల్లర కదా, దానికి రెండింతల పైన. ఆ లివరే మేలు కూడా చేస్తుంది. తిత్తి ఒక సెంటీమీటరు లేస్తే చక్రం దగ్గర రెండు సెంటీమీటర్లు. అందుకే పది సెంటీమీటర్లు సాగే చిన్న తిత్తితో కారును నేలకు ఆనించనూవచ్చు, పైకి లేపనూవచ్చు.

షాక్ అబ్జార్బరు వెళ్లే దారి మూసుకుపోయింది. చుట్టకు నడుమ ఖాళీ ఉండేది, తిత్తికి లేదు. కాబట్టి దాన్ని పక్కకు తరలించాలి. ఆర్ము మీద కొత్త చెవి, చాసీ మీద కొత్త చెవి వెల్డింగు చేయాలి లేదా బోల్టులతో బిగించాలి. పని తేలిక చేసుకుందామని ముందు షాక్‌లు లేకుండానే కార్లు బయటికి తెచ్చేవాళ్లున్నారు. అది తప్పు పని. పాత కార్ల కమాన్ పట్టీల్లో పట్టీకి పట్టీ రాసుకుని కొంత ఊపును అదే మింగేస్తుంది. గాలిలో అలాంటి రాపిడి దాదాపు లేదు. తిత్తి మీద షాక్ లేని కారు ఒక గుంట దాటితే ఊగుతూనే పోతుంది, చక్రం రోడ్డును వదిలి లేస్తుంది. బ్రేకు పడేది రోడ్డును పట్టుకున్న చక్రానికే. గాలి పెట్టినప్పుడు షాక్ మునుపటికంటే ఎక్కువ అవసరం.

తిత్తి దేనికీ తగలకూడదు. పూర్తిగా ఉబ్బినప్పుడు, పూర్తిగా అణిగినప్పుడు, స్టీరింగు రెండు వైపులకూ తిప్పినప్పుడు చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉండాలి. చాసీ అంచు పదును దానికి రోజూ రాసుకుంటే కొన్ని నెలల్లో నైలాన్ దారం బయటపడుతుంది. మంచి మెకానిక్ గాలి ఎక్కించి దించుతూ, టార్చి వేసి, తిత్తి చుట్టూ చేత్తో తడిమి చూస్తాడు. అనుమానం వచ్చిన అంచును ఆకురాయితో గుండ్రం చేస్తాడు. కారు మొత్తం దిగినప్పుడు బరువు తిత్తి మీద కాక బంప్ స్టాపు అనే రబ్బరు దిమ్మ మీద పడేలా చూస్తాడు.

ఆర్ములకు వద్దాం. పై ఆర్ము పొట్టిది, కింది ఆర్ము పొడుగుది. రెండూ వేర్వేరు వృత్తాల్లో తిరుగుతాయి కాబట్టి చక్రం పైకి లేచేకొద్దీ దాని తల లోపలికి వాలుతుంది. మలుపులో అది మేలు. ఒకే ఎత్తు ఉన్నంతకాలం ఆ వాలు కొన్ని క్షణాలపాటు వచ్చి పోయేది. ఇప్పుడు కారును దించి నడిపితే అది శాశ్వతం, టైరు లోపలి అంచు అరిగిపోతుంది. స్టీరింగు రాడ్డు మూడో వృత్తంలో తిరుగుతుంది. అది ఆర్ములతో కుదరకపోతే గుంట వచ్చిన ప్రతిసారీ చక్రం తనంతట తానే కాస్త తిరుగుతుంది, స్టీరింగు చేతిలో మెలిపడుతుంది. వీల్ అలైన్‌మెంట్ చేయించేముందు రోజూ నడిపే ఎత్తు ఏదో తేల్చుకోవాలి. టేపుతో నేలనుంచి మడ్‌గార్డు అంచుకు కొలిచి రాసుకుని, అలైన్‌మెంట్ బల్ల మీద సరిగ్గా ఆ కొలతకే గాలి పెట్టాలి. మరో ఎత్తులో చేయించిన అలైన్‌మెంట్‌కు విలువ లేదు.

వెనక భాగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం పాన్‌హార్డ్ రాడ్డు. ఒక కొస చాసీకి, రెండో కొస హౌసింగుకు. పొడవు 90 సెంటీమీటర్లు అనుకుందాం. నడిపే ఎత్తులో అది నేలకు సమాంతరంగా ఉంది. ఇప్పుడు గాలి వదిలి కారును 15 సెంటీమీటర్లు దించండి. రాడ్డు సాగదు, కుంచించదు. వాలిన రాడ్డు అడ్డంగా ఆక్రమించే దూరం తగ్గింది. లంబకోణ త్రిభుజం లెక్క వేస్తే అది 88.7 సెంటీమీటర్లు. అంటే మొత్తం హౌసింగు ఒక పక్కకు 1.3 సెంటీమీటర్లు జరిగింది. ఒకవైపు టైరు లోపలికి పోయింది, రెండో వైపు టైరు మడ్‌గార్డు అంచుకు చేరింది. వెడల్పు టైర్లు వేసిన కారైతే ఆ అంచు టైరును కోస్తుంది. కారును 10 సెంటీమీటర్లు పైకి లేపినా హౌసింగు మళ్లీ అదే పక్కకు అర సెంటీమీటరుకు పైగా జరుగుతుంది. దించినా లేపినా లాగేది ఒక వైపుకే. 1964లో ఆ రాడ్డు గీసిన ఇంజనీరు తప్పేమీ లేదు. ఆయన కారు 15 సెంటీమీటర్లు కిందికొచ్చి అక్కడే నిలబడుతుందని అనుకోలేదు.

మందు ఏమిటి? రాడ్డును వీలైనంత పొడుగ్గా, పొడవు సవరించుకునేలా చేసి, నడిపే ఎత్తులో నేలకు సమాంతరంగా నిలపడం ఒక దారి. పై ఆర్ములు రెంటినీ కోణంలో పెట్టి రాడ్డు అవసరమే లేకుండా చేయడం ఇంకో దారి. మూడోది వాట్ లింకు. ఆవిరియంత్రం పిస్టన్ కడ్డీ సరళరేఖలో నడవడానికి జేమ్స్ వాట్ 1784లో పేటెంటు తీసుకున్న అమరిక ఇది. రెండు సమాన కడ్డీల నడుమ చిన్న దండెను పెడితే, ఒకటి లాగినంత రెండోది తిరిగి ఇస్తుంది. హౌసింగు దాదాపు నిట్టనిలువుగా లేచి దిగుతుంది. రెండు శతాబ్దాల కిందటి జ్యామితి ఇవాళ్టి కారు కింద పనిచేస్తుంటే నాకు నిజంగా ఒళ్లు పులకరిస్తుంది.

ప్రొపెల్లర్ షాఫ్టు ఇంకో తలనొప్పి. ఇంపాలాలో అది రెండు ముక్కలు, నడుమ ఒక బేరింగు, ఎక్స్ చాసీ గొట్టంలోంచి దూరి వెళుతుంది. కారును బాగా దించితే షాఫ్టు ఆ గొట్టానికి తగిలి గీరుకుంటుంది. దాని జాయింట్ల కోణమూ మారుతుంది. యూనివర్సల్ జాయింటు వంగి తిరిగినప్పుడు అవతలి షాఫ్టు ఒకే వేగంతో తిరగదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. కోణం 3 డిగ్రీలైతే ఆ తేడా వెయ్యికి ఒకటిన్నర వంతు కూడా ఉండదు. 10 డిగ్రీలైతే నూటికి ఒకటిన్నర వంతు. అంకె చిన్నదిగానే కనిపిస్తుంది కానీ నిమిషానికి మూడువేల చుట్లు తిరిగే షాఫ్టులో అది సీటు కింద ఎడతెగని గుర్రుగా వినిపిస్తుంది. రెండు కొసల కోణాలు సమానంగా ఉంటే ఒకదాని తేడాను ఇంకొకటి రద్దుచేస్తుంది. ఎత్తు మారితే ఆ సమానత్వం చెడుతుంది. కనుక ఇక్కడా నడిపే ఎత్తుకే కోణాలు సరిచూసుకోవాలి. నేలకు ఆనిన ఎత్తు కారు నిలబెట్టడానికి మాత్రమే, నడపడానికి కాదు.

ఇప్పుడు డిక్కీ తెరుద్దాం. అక్కడ 12 వోల్టుల కంప్రెసరు, 19 లీటర్ల ట్యాంకు, వాల్వుల దిమ్మ ఉంటాయి. కంప్రెసరు పాతిక ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ కాలపు మామూలు ఆల్టర్నేటరు ఇచ్చేదే 40 ఆంపియర్ల లోపు. హెడ్‌లైట్లు వెలుగుతుండగా రెండు కంప్రెసర్లు ఒక్కసారి తిరిగితే బ్యాటరీ మీద పడుతుంది. ఆల్టర్నేటరు పెద్దది వేయాలి. వైరు లావుగా ఉండాలి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, నడుమ రిలే ఉండాలి. పాత వైరింగు మీద కొత్త బరువు వేస్తే మంటలే.

ట్యాంకు ఎంత పని చేస్తుందో బాయిల్ సూత్రం చెబుతుంది. మీటరు మీద 10 కిలోలు అంటే నిజానికి 11. దాన్ని 19 లీటర్లతో హెచ్చిస్తే బయటి గాలి లెక్కలో 209 లీటర్లు లోపల ఉన్నాయి. నాలుగు తిత్తుల చోటు మొత్తం 10 లీటర్లు, వాటిలో మీటరు మీద 5 కిలోలు కావాలంటే 60 లీటర్ల గాలి పోతుంది. మిగిలింది 149, మీటరు మీద 6.8. ఇంకోసారి నేలనుంచి పైకి లేపబోతే ట్యాంకులో పీడనం తిత్తుల్లోని 5తో సమానమై కారు సగంలోనే ఆగుతుంది. ఇక కంప్రెసరు ఉరుముతూ నింపుకోవాల్సిందే. మాటిమాటికీ లేపి దించాలని సరదాపడేవాళ్లు పెద్ద ట్యాంకు పెట్టుకుంటారు. రోజూ నడిపేవాళ్లకు ఇది చాలు.

ఆ 209 లీటర్ల గాలితోపాటు లోపలికి తేమ కూడా వెళ్లింది. 1950ల కార్లను ముంచింది అదే. 30 డిగ్రీల వేడిలో ఘనమీటరు గాలి 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. తేమ 70 శాతం ఉన్న రోజున అందులో 21 గ్రాములుంటాయి. 209 లీటర్లలో నాలుగు గ్రాముల పైచిలుకు. దాన్ని 19 లీటర్లలోకి నొక్కి చల్లారనిస్తే ఆ కొద్ది చోటు మోయగలిగేది అర గ్రాము మాత్రమే. మిగతాదంతా నీరై ట్యాంకు అడుగుకు చేరుతుంది. ఒక్కో నింపుడికి చెంచాకు కాస్త తక్కువ నీళ్లు. నెల రోజులు పట్టించుకోకపోతే ట్యాంకు తుప్పు పడుతుంది, ఆ తుప్పు రజను వాల్వులోకి పోయి దాన్ని మూసుకోనివ్వదు. డెట్రాయిట్ చలిలోనైతే ఆ నీరే మంచై వాల్వును బిగించేస్తుంది. ట్యాంకు అడుగున ట్యాపు, కంప్రెసరు తర్వాత నీటిని పట్టే గిన్నె, తేమ పీల్చే గుళికల డబ్బా ఉంటే ఈ బాధ ఉండదు. కోస్తా జిల్లాల ఉక్కలో అయితే వారానికోసారి ట్యాపు తిప్పాలి.

వాల్వుల దిమ్మ దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని ఎడమ కుడి తిత్తులను ఒకే గొట్టానికి కలిపేవాళ్లుంటారు. మలుపు తిరిగినప్పుడు బయటివైపు తిత్తి మీద బరువు పడుతుంది, అందులోని గాలి గొట్టంలోంచి లోపలివైపు తిత్తిలోకి పారిపోతుంది. బయటివైపు ఇంకా కుంగుతుంది, లోపలివైపు ఇంకా లేస్తుంది. కారు మలుపులో పడిపోతున్నట్టు ఒరుగుతుంది. నాలుగు తిత్తులకు నాలుగు వేరు దారులు ఉండి తీరాలి.

ఎత్తును దేనితో కొలవాలన్నది మరో తేల్చుకోవాల్సిన సంగతి. చౌక పద్ధతి పీడనం చూసుకోవడం. అయితే నలుగురు ఎక్కిన కారులో ఒక్కడు ఎక్కినప్పటి పీడనమే ఉంచితే కారు కుంగుతుంది, గాలి పెట్టించుకున్న లాభమే పోతుంది. చక్రం దగ్గర చిన్న సెన్సరు పెట్టి ఎత్తునే కొలిచే పద్ధతి ఖరీదు. 1984లో లింకన్ కాంటినెంటల్ మార్క్ సెవెన్ వచ్చేనాటికి ఎలక్ట్రానిక్స్ ఈ పని చేయడం మొదలుపెట్టింది. గుంటలో పడి లేచిన ప్రతిసారీ వాల్వు తెరుచుకోకుండా కొన్ని సెకన్ల సగటు తీసుకుని కదిలించే ఓపిక దానికి ఉంది. డబ్బులు ఎక్కడ పెట్టాలని ఎవరైనా అడిగితే ఇక్కడ పెట్టమంటాను, మెరిసే ట్యాంకు మీద కాదు.

ఎత్తు మార్చాలన్న కోరిక వెనక ఒక చట్టం కథ కూడా ఉంది. కాలిఫోర్నియాలో మెక్సికన్ అమెరికన్ యువకులు కార్లను నేలబారుగా దించుకుని వీధుల్లో మెల్లగా తిప్పేవారు. 1958లో వచ్చిన చట్టం ప్రకారం, చక్రం రిమ్ము అడుగుకంటే కిందికి కారులో ఏ భాగమూ దిగేలా మార్చకూడదు. 1959లో రాన్ అగ్విరే అనే అతను తన కార్వెట్‌కు విమానాల పాత హైడ్రాలిక్ పంపులు బిగించాడు. పోలీసు కనిపిస్తే కారు లేస్తుంది, దాటిపోతే దిగుతుంది. నూనె నొక్కుకోదు కాబట్టి హైడ్రాలిక్‌లో ఊపును మింగడానికి వేరే స్ప్రింగు ఉండాలి. గాలిలో లేపేదీ అదే, స్ప్రింగూ అదే. ఇంపాలాకు ఇంత పేరు రావడంలో ఆ వీధులదే పెద్ద పాత్ర. ఆ నిషేధం 2024 జనవరి 1న రద్దయింది.

మన దగ్గర ఈ పని తలపెట్టేవాళ్లకు గుర్తొచ్చేది అంబాసిడర్. అందులో ముందు చుట్ట స్ప్రింగే లేదు, పొడవునా మెలితిరిగే టార్షన్ బార్లు ఉంటాయి. వెనక కమాన్ పట్టీలు. ఆ పట్టీలు బరువు మోయడమే కాదు, హౌసింగును తమ చోట పట్టి ఉంచేవి కూడా అవే. పట్టీలు తీసి తిత్తులు పెడితే హౌసింగును పట్టుకునే దిక్కు లేదు. తిత్తి నిలువు బరువు మోస్తుంది, అంతే. పక్కకు తోస్తే ఒరిగిపోతుంది. నాలుగు ఆర్ములు, ఒక అడ్డ రాడ్డు కొత్తగా చేయాలి, వాటికోసం చాసీ కోయాలి. ఇక్కడ మన చట్టం ముందుకొస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నెంబరులో వీఏ అక్షరాలుంటాయి. చాసీనో, బాడీనో, ఇంజనునో మార్చిన కారు ఆ రిజిస్ట్రేషన్‌కు అర్హత పోగొట్టుకుంటుంది. నా అభిప్రాయం చట్టానికంటే ఒక అడుగు ముందే ఉంది. అరవై ఏళ్లు చెక్కుచెదరకుండా నిలిచిన చాసీని కోయకూడదు. ఇంపాలాలో బోల్టులతో బిగించే బ్రాకెట్లు దొరుకుతాయి. తీసిన చుట్ట స్ప్రింగులకు గ్రీజు రాసి, బోల్టులతోపాటు ఒక పెట్టెలో దాచిపెడితే రేపు కొనేవాడు కారును మళ్లీ పాత రూపానికి తెచ్చుకోవచ్చు.

బిగింపు పూర్తయ్యాక రోడ్డెక్కేముందు లీకుల పని ఉంది. నైలాన్ గొట్టాన్ని కత్తెరతో వంకరగా కోస్తే పుష్ కనెక్టర్‌లో సరిగ్గా కూర్చోదు. గొట్టం కోసే బ్లేడుతో తిన్నగా కోయాలి. మరలకు టెఫ్లాన్ టేపు చుడితే తెగిన పోగు వాల్వులోకి పోయి కూర్చుంటుంది. అందుకని పూసే సీలెంట్ వాడాలి. ప్రతి జాయింటుకూ సబ్బు నీళ్లు రాసి, బుడగ లేచిన చోట మళ్లీ బిగించాలి. తర్వాత రాత్రంతా కారును వదిలేసి పొద్దున్నే నాలుగు మూలల ఎత్తూ కొలవాలి. రాత్రి 35 డిగ్రీలున్న గాలి తెల్లవారి 20కి చల్లారి కారు కాస్త కుంగితే అది లీకు కాదు. నాలుగు మూలలూ ఒకే పాళ్లలో తగ్గాలి. ఒక్కటే ఎక్కువ తగ్గితే ఆ మూలకే మళ్లీ సబ్బు నీళ్లు తీసుకెళ్లాలి. బ్రేకు పైపులు కొత్త ఎత్తుల్లో బిగుసుకుపోవడం లేదని పూర్తిగా లేపి, పూర్తిగా దించి చూసుకోవాలి. మొదటి ప్రయాణం ఒంటరిగా, దగ్గర దూరం, గుంటలున్న రోడ్డు మీద చేయాలి. తిరిగొచ్చాక ప్రతి బోల్టునూ మళ్లీ టార్కు పానాతో చూడాలి. ఆ తర్వాతే నలుగురిని ఎక్కించుకుని, ఎత్తు కొలుచుకుని, అలైన్‌మెంట్‌కు వెళ్లాలి.